పొద్దున్నే మొరాయించే బోర్డు

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత చూపించే బోర్డులు చేస్తాం. చిప్పు కార్టెక్స్-ఎమ్7, డేటా క్యాష్ (మెమరీలోని డేటాను దగ్గర ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ) 16 కేబీ. రాత్రి కరెంటు పోయి పొద్దున వస్తే కొన్ని బోర్డులు మధ్యలోనే ఆగిపోతున్నాయి. రీసెట్ నొక్కితే లేస్తాయి. డీబగర్ (ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూసే పరికరం) తగిలిస్తే అసలు ఆగవు. క్యాష్ ఆన్ చేసేముందు క్లీన్-ఇన్వాలిడేట్ లూప్ పెట్టాను, అంటే క్యాష్‌లోని కొత్త డేటాను మెమరీకి రాసి (క్లీన్), ఆ లైన్లు ఇక చెల్లవని గుర్తు పెట్టడం (ఇన్వాలిడేట్). క్యాష్‌లో ఎన్ని సెట్లు (లైన్ల గుంపులు) ఉన్నాయో చెప్పే రిజిస్టర్‌లో 127 వచ్చింది, 127 సార్లు తిప్పాను. తప్పెక్కడ?

జవాబు: తప్పులు రెండున్నాయి. చిన్నది ముందు చెప్తాను. ఆ రిజిస్టర్ ఇచ్చేది అసలు లెక్కలో ఒకటి తగ్గించిన అంకె. లైనుకు 32 బైట్లు, 4 'వే'లు (ways, అంటే ఒక్కో సెట్‌లో నాలుగు లైన్లు), 128 సెట్లు: గుణిస్తే మీ 16 కేబీ వస్తుంది. మీ లూప్ సున్నాతో మొదలై 126 దగ్గర ఆగింది. చివరి సెట్ అలాగే మిగిలిపోయింది. 'వే'ల లెక్కా అంతే, 3 అని చదివితే 4 అనుకోవాలి.

అసలు ప్రాణం తీసేది ఆ 'క్లీన్'. కరెంటు కొత్తగా వచ్చినప్పుడు క్యాష్ ఖాళీగా ఉంటుందని అనుకోకండి. అందులో ఏ బిట్ ఎలా ఉంటుందో చెప్పలేం. ఏదో ఒక లైను 'నాలో కొత్త డేటా ఉంది' అన్నట్టు కనిపిస్తే చాలు, క్లీన్ దాన్ని నమ్మి ఆ చెత్తను ఏదో అడ్రస్‌లో రాసేస్తుంది. ఆ అడ్రస్ మీ స్టాక్‌ది (ప్రోగ్రామ్ తాత్కాలిక డేటా పెట్టుకునే మెమరీది) కావచ్చు, అసలు మెమరీయే లేని చోటూ కావచ్చు. ఒకసారి లూప్ తిరిగాక ఆ లైన్లు చెల్లవు కాబట్టి, రీసెట్ నొక్కగానే బోర్డు బుద్ధిగా లేస్తుంది. ఆటోనగర్‌లో ఒక వేబ్రిడ్జి డిస్‌ప్లే నన్ను ఇలాగే నాలుగు రోజులు తిప్పింది. రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి పొద్దున పెడితే సగం అంకె వెలిగి ఆగేది. నేను దగ్గర కూర్చుని ఆపి, వెంటనే ఆన్ చేస్తే మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

కాబట్టి బూట్‌లో ఉత్త ఇన్వాలిడేట్ చాలు. తర్వాత డిఎస్‌బి (ముందటి మెమరీ పనులు పూర్తయ్యేదాకా ఆపే ఆదేశం), ఆపైన క్యాష్ ఆన్, మళ్లీ డిఎస్‌బి, ఐఎస్‌బి (తర్వాతి ఆదేశాలను కొత్తగా తెచ్చుకునేలా చేసేది). ఆర్మ్ కంపెనీ ఇచ్చే సిఎమ్‌సిస్ లైబ్రరీలో డేటా క్యాష్ ఆన్ చేసే ఫంక్షన్ ఈ వరసే పాటిస్తుంది, సొంత లూప్ మానేసి దాన్నే వాడండి. ఒక్క జాగ్రత్త: మీ బూట్‌లోడర్ (అప్లికేషన్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ముందే క్యాష్ ఆన్ చేసి ఉంటే, అప్లికేషన్‌లోకి దూకేముందు అదే క్లీన్ చేసి ఆఫ్ చేయాలి. అక్కడ మాత్రం క్లీన్ తప్పనిసరి, లేకపోతే మెమరీకి చేరని డేటా పోతుంది.

పరీక్షించేటప్పుడు రీసెట్ బటన్ ముట్టుకోకండి. డీబగర్ వైరు కూడా తీసేయండి, దాని పిన్నుల్లోంచి బోర్డుకు కాస్త కరెంటు అందుతూ ఉండొచ్చు. రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, పొద్దున పెట్టి చూడండి. వారం రోజులు, అన్ని బోర్డులూ. అప్పటికీ ఆగితే స్టార్టప్ ఫైలు, లింకర్ ఫైలు పంపండి, చూస్తాను.