ట్యాబ్‌లో జవాబు వచ్చి మూడు వారాలైంది, పిల్లాడితో ఎవరూ మాట్లాడలేదు

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. మా పిల్లలు వారానికోసారి ట్యాబ్‌లో తమ మనసు ఎలా ఉందో చెప్పే ప్రశ్నలకు జవాబులిస్తారు. మూడు వారాల కిందట తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, చనిపోతే బాగుండు అనిపించిందా అన్న ప్రశ్నకు 'కొన్ని రోజులు' అని పెట్టాడు. తర్వాత రెండు సార్లూ 'లేదు' అన్నాడు. మామూలుగానే ఉన్నాడని నేనేమీ అడగలేదు. ఇలాంటి యాప్‌లలో ఏది మంచిది? ఇలా అడిగితే పిల్లలకు లేని ఆలోచన వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. మీ ప్రశ్నలో నాకు కంగారు పుట్టించింది ఆ మూడు వారాలు. ఇది చదివిన రోజే ఆ అబ్బాయితో మాట్లాడండి. వచ్చే వారం ఏం పెడతాడో చూద్దామని ఆగకండి.

మీరు రాసిన ప్రశ్న పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలోని తొమ్మిదో ప్రశ్నలా ఉంది. దానికి 'అస్సలు లేదు' కాకుండా ఏ జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంత తక్కువున్నా, పిల్లాణ్ని కూర్చోబెట్టి అడగాల్సిందే. తర్వాత 'లేదు' అన్నాడంటే నిజంగానే తేలికపడి ఉండొచ్చు. చెప్పినా ఎవరూ పలకలేదని ఊరుకుని ఉండొచ్చు. పక్కవాడు స్క్రీన్ చూస్తున్నాడని మార్చి ఉండొచ్చు. వీటిలో ఏది నిజమో ట్యాబ్ చెప్పలేదు. 'మామూలుగానే ఉన్నాడు డాక్టర్' అన్న మాట ఓపీలో నేను చాలాసార్లు వింటాను, ఎక్కువగా పిల్లల్ని ఆలస్యంగా తీసుకొచ్చిన వాళ్ల నోటనే.

నలుగురూ వినని చోట, తొందర లేకుండా మాట్లాడండి. డొంకతిరుగుడు వద్దు. 'ఆ రోజు అలా పెట్టావు కదా, ఇప్పుడూ చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఏమైనా అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా?' అని సూటిగా అడగండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. ఇప్పుడూ అనిపిస్తోందన్నా, ఏదో ఆలోచన పెట్టుకున్నాడనిపించినా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్లను పిలిపించి ఆ రోజే ఆసుపత్రి ఎమర్జెన్సీకి పంపండి. 'ఇప్పుడేం లేదు సార్' అన్నా సరే, స్కూల్ కౌన్సెలర్‌కు, తల్లిదండ్రులకు ఆ రోజే తెలియాలి. ఇంట్లోనే ఏదో హింస ఉందని పిల్లాడు చెబితే ముందు కౌన్సెలర్‌తో మాట్లాడి, ఎవరికి ఎలా చెప్పాలో నిర్ణయించండి. ఇంట్లో మందులు, పురుగుమందులు ఉంటే పిల్లాడి చేతికి అందకుండా తాళం వేయమనండి. చిన్న పనే, కానీ ప్రాణం కాపాడొచ్చు. పిల్లాణ్ని చూడకుండా నేను నిర్ధారణ చెప్పలేను. ఈ జవాబు సైకియాట్రిస్ట్ పరీక్షకు బదులు కాదు.

అడిగితే ఆలోచన పుడుతుందా? పుట్టదు. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని 6 హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనం వచ్చింది. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధగానీ ఆలోచనలుగానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లల్లో అడిగించుకున్నవాళ్లే కాస్త తేలికగా కనిపించారు. తల్లిదండ్రులకు ఇది చెప్పండి. నాకు భయం వేసేది, అడిగి వదిలేయడం చూసినప్పుడే.

ఇక ఏ యాప్ మంచిదంటే, పేరు చెప్పను. కొనే ముందు స్కూల్ వాళ్లు ఇవి తేల్చుకోవాలి: ఇలాంటి జవాబు వస్తే ఎవరి ఫోన్ మోగుతుంది, ఎంతసేపట్లో? ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చూస్తారు? రాత్రి పదకొండింటికి పిల్లాడు ఇంటి నుంచి రాస్తే? ఆ వేళ చూసే మనిషి లేకపోతే ప్రశ్నలు బడి వేళల్లోనే తెరుచుకునేలా పెట్టండి, హెల్ప్‌లైన్ నంబర్ మాత్రం ఎప్పుడూ స్క్రీన్ మీద ఉండాలి. జవాబులు ఎవరెవరు చూస్తారో పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే నిజం రాయరు. మీ స్కూల్లో ఆ మెసేజ్ మీ ఒక్కరికే వస్తోందనుకుంటాను. అది మీ తప్పు కాదు, ఏర్పాటు లోపం. కానీ చూశాక మూడు వారాలు ఆగకుండా ఉండాల్సింది.

ఇలా ప్రశ్నలతో ఇబ్బందిలో ఉన్న పిల్లల్ని గుర్తించడాన్ని స్క్రీనింగ్ అంటారు. అదొక్కదాని మీదే భరోసా పెట్టుకోవద్దు. 10 యూరప్ దేశాల్లో, 168 స్కూళ్లలో, సుమారు 11,000 మంది పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. టీచర్లకు శిక్షణ, ప్రశ్నావళితో స్క్రీనింగ్, తరగతిలో పిల్లలే పాత్రలు వేసి సమస్యలు చర్చించుకోవడం అని మూడు పద్ధతులు పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు స్పష్టంగా తగ్గింది ఆ మూడో పద్ధతిలోనే. అందుకని ట్యాబ్ తీసేయమనడం లేదు. నోరు తెరిచి చెప్పలేని పిల్లలు స్క్రీన్ మీద చెబుతారు, ఈ అబ్బాయి చెప్పాడు కదా. ఫోన్‌కు ఇంకో మంచి ఉపయోగం ఉంది: మనసు బాగాలేనప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కౌన్సెలర్‌తో కలిసి రాసుకుని పిల్లాడు అందులో దాచుకోవచ్చు.

ఆ అబ్బాయితో మాట్లాడాక, పాత జవాబులు కూడా తీసి చూడండి. ఇలాగే 'కొన్ని రోజులు' అని పెట్టి, ఎవరూ పలకరించని పిల్లలు ఇంకా ఉండొచ్చు.