చెన్నైలో పాస్‌పోర్ట్: ఏజెంట్ తెచ్చే అద్దె అగ్రిమెంట్‌తో వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సొంతూరు సూళ్లూరుపేట, నాలుగు నెలలుగా చెన్నైలో ఉద్యోగం, ఉండేది పీజీలో, ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది. 6000 ఇస్తే అద్దె అగ్రిమెంట్ నేనే చేయిస్తా, పోలీస్ వెరిఫికేషన్ కూడా చూసుకుంటా అంటున్నాడు ఒక ఏజెంట్. ఆధార్ ఫొటో ఇప్పటికే పంపేశారు. డబ్బు ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. నేను ఇచ్చి అనుభవించాను కాబట్టి చెబుతున్నా.

2019లో వడపళనిలో ముగ్గురం ఒక రూములో ఉండేవాళ్లం. ఓనర్ అగ్రిమెంట్ రాయనన్నాడు. ఒక జిరాక్స్ షాపులో పరిచయమైన ఏజెంట్ "టెన్షన్ పడకండి సార్, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. ఆధార్, టెన్త్ మెమో వాట్సాప్‌లో పంపించా. పోర్టల్‌లో లాగిన్ తన ఈమెయిల్‌తోనే తెరిచాడు, ఫారం తనే నింపాడు. వారానికి ఒక స్టాంప్ పేపర్ చేతిలో పెట్టాడు. నేను కోడంబాక్కంలో ఫలానా ఇంట్లో ఏడాదిన్నరగా ఉంటున్నానని అందులో రాసి ఉంది. ఆ ఇల్లు నేను చూడలేదు. కింద సంతకం పెట్టిన ఓనరమ్మ ఎవరో తెలియదు.

సాలిగ్రామం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ కౌంటర్ దగ్గర ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుని, వివరాలు సరిచూసుకోమని స్క్రీన్ నావైపు తిప్పారు. చూస్తే ఇంటిపేరు గడిలో మా నాన్న పేరు! మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు పనికిరావు, పూర్తిగా విడదీసి రాయాలి. తమిళనాడులో పేరు ముందుండే అక్షరం మామూలుగా తండ్రి పేరుది కదా, ఏజెంట్ ఆ లెక్కన నాన్న పేరు ఎక్కించేశాడు. అప్పుడే పట్టుకున్నాను కాబట్టి దిద్దించుకోగలిగా. చెన్నైలో ఉండే తెలుగువాళ్లు ఎవరితో ఫారం నింపించినా ఈ ఒక్క గడి కళ్లు పెట్టి చూసుకోండి.

కౌంటర్ల దగ్గర గండం గడిచిందనుకున్నా. పన్నెండు రోజుల తర్వాత గిండీలో ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. కానిస్టేబుల్. "నువ్వు రాసిన ఇంటి ముందే ఉన్నాను. ఈ పేరుతో ఇక్కడెవరూ లేరంటోంది ఓనరమ్మ. నువ్వెక్కడున్నావు?" నాకు నోట మాట రాలేదు. ఏజెంట్‌కి చేస్తే మొదట ఎత్తాడు, విషయం వినగానే కట్ చేశాడు, తర్వాత స్విచాఫ్.

పోలీసు రిపోర్ట్ వ్యతిరేకంగా వెళ్లింది. వివరణ ఇమ్మని ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం నుంచి లెటర్ వచ్చింది. అన్నా సాలైలో ఉన్న ఆ ఆఫీసుకి వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చా. అక్కడి అధికారి అరవలేదు. ఫారం చివర నేను సంతకం పెట్టిన డిక్లరేషన్ మీద వేలుపెట్టి చూపించారంతే. ఇచ్చిన సమాచారమంతా నిజమని, దానికి బాధ్యత నాదేనని ఉంటుంది అందులో. ఏజెంట్ పేరు రాసే గడి ఎక్కడా లేదు. 1967 పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 12 ప్రకారం తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5000 వరకు జరిమానా, లేదా రెండూ. నా విషయం అంతదూరం పోలేదు. కట్టిన ఫీజు పోయింది, సరైన అడ్రస్‌తో మళ్లీ అప్లై చేసుకోవలసి వచ్చింది.

"అడ్రసే కదా, నేనేం దొంగ పేరు పెట్టుకోలేదే" అని నాకూ అనిపించింది. కానీ పాస్‌పోర్ట్ పుస్తకాన్నే నకిలీ చేయడం ఇప్పుడు చాలా కష్టం. అందుకే దొంగ కాగితాలు చూపించి అసలు పాస్‌పోర్ట్ తీసుకోవడానికి చూస్తారు మోసగాళ్లు. వాళ్లు తెచ్చేవీ ఇలాంటి అగ్రిమెంట్లే. అధికారి దృష్టిలో నా కాగితానికీ వాళ్ల కాగితానికీ తేడా లేదు. చెన్నైలో 2025 మార్చి నుంచి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్ట్‌లు ఇస్తున్నారు. చిప్ వల్ల ఫొటో మార్చడం, వివరాలు దిద్దడం లాంటివి దొరికిపోతాయి. మొదట్లోనే అబద్ధం ఎక్కిస్తే చిప్ మాత్రం ఏం చేస్తుంది?

ఇక మీ సంగతి. ముందు ఆధార్‌లో అడ్రస్ మార్చుకోండి. ఫొటో ఉన్న బ్యాంక్ పాస్‌బుక్‌లో చెన్నై అడ్రస్ ఉంటే అదీ పాస్‌పోర్ట్‌కి అడ్రస్ ప్రూఫ్‌గా పనికొస్తుంది. పేరున్న కంపెనీ అయితే లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ అడగండి. అగ్రిమెంట్ అయితే రిజిస్టర్ చేసింది కావాలి. ఎన్నాళ్లుగా ఉంటున్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి, నాలుగు నెలలైతే నాలుగు నెలలే. ఊళ్లో కూడా విచారిస్తే కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. డిజిలాకర్‌లో ఉన్న కాగితాలు అందులోంచే ఇవ్వండి.

ఫారం మీరే నింపండి, గంట పని. లాగిన్‌కి మీ ఈమెయిల్, మీ నంబరే పెట్టండి. వెబ్‌సైట్ అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి, అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కి 1500, తత్కాల్ అయితే ఇంకో 2000. పోలీస్ వెరిఫికేషన్‌కి విడిగా ఫీజు లేదు. బయట షాపులవాళ్లు ఫొటోలు తప్పనిసరి అంటారు, నమ్మొద్దు. సేవా కేంద్రంలో వాళ్లే తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకే ఫొటో తీసుకెళ్లాలి.

పంపేసిన ఆధార్ ఫొటోని వెనక్కి తీసుకోలేం. కనీసం ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి, మీ వేలిముద్ర ఇంకెవరూ వాడకుండా. ఇకమీదట ఎవరడిగినా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ ఇస్తే దానిమీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో, తేదీతో సహా రాయండి. నేను పెన్ను జేబులో పెట్టుకునే తిరుగుతా ఇప్పుడు.

పోలీసులు వచ్చినప్పుడు పీజీలో లేకపోతే ఎలా అన్నారు కదా. మామూలుగా ముందు ఫోన్ చేస్తారు, తెలియని నంబరని కట్ చేయకండి. పీజీ మేనేజర్‌కి మీ పూర్తి పేరు చెప్పి ఉంచండి. రెండోసారి మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చినప్పుడు నా పేరు చెప్పి అడిగితే వాచ్‌మన్ తల గోక్కున్నాడట. వాడికి నేను మూడో అంతస్తు తెలుగు తంబిగానే తెలుసు.