రెఫరెండం గెలిచారు సరే, ఓడినవాళ్ల సంగతేంటి?

ప్రశ్న: రాజ్యాంగం మీద రెఫరెండం (జనమే నేరుగా ఓటేసి తేల్చడం) పెట్టాక మెజారిటీ ఎటుంటే అటు. అక్కడితో అయిపోవాలి కదా! గెలిచినవాళ్లు ఓడినవాళ్లను కూడా కలుపుకుపోవాలని మా లెక్చరర్ గారు అంటారు. మామూలు ఎన్నికల్లో ఓడినవాళ్లను ఎవరు పట్టించుకుంటున్నారు గనక?
– పొలిటికల్ సైన్స్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఎన్నికల్లో ఓడినవాడు ఐదేళ్లు పళ్లు బిగబట్టుకుని కూర్చుంటాడు, మళ్లీ చూసుకుందాం అనుకుంటాడు. రాజ్యాంగం దగ్గర ఆ సౌకర్యం లేదు. తను వద్దని ఓటేసిన రాజ్యాంగం కిందే బతకాలి, రేపు పొలం తగాదా వస్తే దాని పేరు చెప్పుకునే కోర్టుకెక్కాలి. అది తనది కాదని వాడికి అనిపించిందంటే మీ మెజారిటీ ఎంతైనా గొడవ లోపల రగులుతూనే ఉంటుంది. కెన్యా చూడండి, అక్కడ ఐదేళ్ల తేడాతో కొత్త రాజ్యాంగం మీద రెండు రెఫరెండాలు జరిగాయి.

మొదటిది 2005 నవంబర్‌లో. చదువు రానివాళ్లకూ తెలియాలని 'అవును'కి అరటిపండు, 'కాదు'కి నారింజ గుర్తు పెట్టారు. అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి అరటిపండు వైపు, ఆయన కేబినెట్‌లోనే ఉన్న రైలా ఒడింగా, మరికొందరు మంత్రులు నారింజ వైపు. దాదాపు 58 శాతం ఓట్లతో నారింజ గెలిచింది. ఓడిన కిబాకి రెండు రోజులు తిరక్కుండానే కేబినెట్ మొత్తాన్ని ఇంటికి పంపేశాడు, మళ్లీ వేసుకున్న కేబినెట్‌లో నారింజ మంత్రులకు చోటు లేదు. ఓట్లలో ఎవరు గెలిచినా కుర్చీలో ఉన్నవాడే చివరికి గెలిచినట్టు ప్రవర్తించాడన్నమాట. నారింజవాళ్లు ఊరుకుంటారా, ఆ పండు పేరుతోనే ఉద్యమం, పార్టీ పెట్టుకున్నారు. 2007 డిసెంబర్ అధ్యక్ష ఎన్నికల్లో అదే కిబాకి, అదే ఒడింగా ఎదురెదురుగా నిలబడ్డారు, ఫలితం మీద గొడవ మొదలై వెయ్యి మందికి పైగా చనిపోయారు. దానికంతటికీ రెఫరెండమే కారణమని నేననను, భూముల తగాదాలు, తెగల మధ్య అనుమానాలు అంతకుముందు నుంచీ ఉన్నవే. కానీ ఆ రెండు జట్లూ తయారైంది మాత్రం 2005లోనే.

రెండోది 2010 ఆగస్టు 4న. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ కుదిర్చిన రాజీతో అప్పటికి కిబాకి అధ్యక్షుడు, ఒడింగా ప్రధాని. ఈసారి ఇద్దరూ 'అవును' వైపే. పండ్లు పోయి రంగులొచ్చాయి, అవునుకి పచ్చ, కాదుకి ఎరుపు. ఎరుపు వైపు అప్పటి మంత్రి విలియం రూటో, మాజీ అధ్యక్షుడు మోయ్, చాలా చర్చిలు. ముస్లింల పెళ్లి, విడాకులు, వారసత్వ తగాదాలు తేల్చే కాజీ కోర్టులు రాజ్యాంగంలో ఎందుకని, అబార్షన్‌కు ఇచ్చిన మినహాయింపులు ఎక్కువని, భూమి నిబంధనలు మా కొంప ముంచుతాయని వాళ్ల అభ్యంతరాలు. పచ్చకు దాదాపు 61 లక్షల ఓట్లు, ఎరుపుకు 28 లక్షలు. ఎనిమిది ప్రావిన్సుల్లో ఒక్క రిఫ్ట్ వ్యాలీ మాత్రమే కాదంది, 2008 మొదట్లో ఎక్కువ రక్తం పారింది కూడా అక్కడే. టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఫలితం వచ్చాక కిబాకి 'కాదు' అన్నవాళ్ల వైపు చెయ్యి చాపుతున్నానన్నాడు. రూటో ఓటమి ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూనే చర్చలు కావాలన్నాడు. నన్నడిగితే ఈ మాటలకు నేను పెద్దగా మార్కులు వేయను, మైకు ముందు పెద్దమనసు అందరికీ ఉంటుంది. అసలు పని చేసింది ఆ రాజ్యాంగంలోని ఏర్పాటు. దేశాన్ని మన జిల్లాల్లాంటి 47 కౌంటీలు చేసి, జాతీయ ప్రభుత్వ ఆదాయంలో కనీసం 15 శాతం వాటికివ్వాలని రాసేశారు. దాంతో 'కాదు' అన్న ఊళ్లవాళ్లు కూడా 2013లో తమ కౌంటీని నడిపే గవర్నర్‌ను తామే ఎన్నుకున్నారు, డబ్బు కోసం పచ్చ రంగువాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సిన పని తప్పింది. ఇక రూటో అదే ఏడాది ఉపాధ్యక్షుడయ్యాడు. తర్వాత అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా, ఒడింగా కలిసి రాజ్యాంగాన్ని మార్చబోతే అడ్డం తిరిగింది ఎవరనుకున్నారు, ఒకప్పుడు ఆ రాజ్యాంగమే వద్దన్న ఈ రూటోనే! 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను ఆపేసింది, సెప్టెంబర్‌లో ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. రూటో మంచివాడని సర్టిఫికెట్ ఇస్తున్నాననుకోకండి. తనకూ పనికొస్తుందని తెలిశాకే ఓడినవాడు దాన్ని తనదనుకుంటాడని చెప్తున్నాను, అంతే.

ప్రశ్న: నేను డబ్లిన్‌లో నర్సుని. 2018 అబార్షన్ రెఫరెండంలో 'నో' వేసిన కొలీగ్ ఒకావిడ ఆ కేసులకు రానంటుంది. ఆ పని కూడా మా మీదే పడుతోంది. ఓడిపోయినవాళ్లకు ఇంకా ఈ మినహాయింపులు ఏమిటి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చిరాకు అర్థమైంది. ఐర్లండ్ రాజ్యాంగంలో అబార్షన్ మీద ఉన్న నిషేధం తీసేయడానికి 66.4 శాతం అవునన్నారు, ఒక్క డొనెగల్ నియోజకవర్గం తప్ప అంతా అటే. అంత గెలుపు తర్వాత కూడా 2018 డిసెంబర్‌లో చేసిన చట్టంలో డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ పనిలో పాల్గొనక్కర్లేదని రాశారు. అది సరైన పనే అంటాను. కానీ దాంతోపాటే ఇంకోటి రాశారు, వద్దన్నవాళ్లు ఆ పేషెంటును వేరేవాళ్లకు అప్పగించే ఏర్పాటు చేయాలి, ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో ఈ మినహాయింపు చెల్లదు. గాల్వేలో 2012లో భారతీయురాలు సవితా హలప్పనవర్ అడిగినా అబార్షన్ చేయక చనిపోయిన తీరు తెలిసిన దేశం, ఆ రెండో ముక్క రాయకుండా ఎలా ఉంటుంది? 2024లో ఇంకో చట్టం చేసి ఆ సేవలిచ్చే చోటికి వంద మీటర్ల లోపల పేషెంట్లను అడ్డుకునే నిరసనలు కుదరవన్నారు. అంటే, వాళ్ల చేత బలవంతంగా చేయించరు, వాళ్లను అడ్డు పడనివ్వరు. మీ కొలీగ్ పేషెంటును సరిగ్గా అప్పగిస్తుంటే ఆవిడతో పేచీ పెట్టుకోకండి. పనిభారం ఎక్కువైతే అది డ్యూటీ రోస్టర్ వేసేవాళ్లతో తేల్చుకోవాల్సిన సంగతి, ఆవిడ ఓటుతో కాదు.

ప్రశ్న: మన దేశంలో ఈ రెఫరెండాలు ఎందుకు లేవు?
– రిటైర్డ్ టీచర్, భీమవరం

జవాబు: మన రాజ్యాంగంలో ఆ దారి పెట్టలేదు మాస్టారూ. సవరణ కావాలంటే 368వ అధికరణం ప్రకారం పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ, కొన్ని విషయాలకు సగం రాష్ట్రాల ఆమోదం కూడా ఉండాలి. అయితే సిక్కింలో 1975 ఏప్రిల్‌లో జరిగింది, రాచరికం తీసేసి భారత్‌లో కలవడానికి 59,637 మంది సరేనన్నారు, 1,496 మంది కాదన్నారు. ఆ ఓటింగ్ జరిగిన తీరు మీద విమర్శలున్నాయి, అది వేరే కథ. అంకెలు అంత ఏకపక్షంగా ఉన్నా 371ఎఫ్ అధికరణం పెట్టి సిక్కిం పాత చట్టాలను మాత్రం కొనసాగనిచ్చారు.