ట్రైలరు టాయిలెట్ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ బండి వెనుక తగిలించుకుని తిరగడానికి కొన్న పాత ట్రైలరులో పడకలు, పొయ్యి, కిటికీలు అన్నీ నచ్చాయనీ, టాయిలెట్‌ను వాడడం, ఆ ట్యాంకును ఖాళీ చేయడం తలచుకుంటేనే భయంగా ఉందనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నవాణ్ణి కనుక ధైర్యంగా చెబుతున్నాను, అందులో భయపడాల్సింది తక్కువ, అసహ్యించుకోవాల్సింది ఇంకా తక్కువ. ట్రైలరు టాయిలెట్‌తో జనం పడే అవస్థల్లో ఎక్కువ భాగానికి మూలం నీళ్ల దగ్గర చూపించే పిసినారితనమే. వెంట తెచ్చుకున్న నీళ్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి పొదుపు చేయాలనిపించడం సహజమే. అయితే ఆ పొదుపు స్నానం దగ్గరా గిన్నెలు కడిగే దగ్గరా చేయాలి గాని టాయిలెట్ దగ్గర మాత్రం చేయకూడదు.

ముందు ఆ అమరిక ఎలా పనిచేస్తుందో తెలుసుకో. ఇంట్లో టాయిలెట్ కింది గొట్టం వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపులో నిలిచిన నీళ్లే దుర్వాసనను పైకి రానివ్వకుండా ఆపుతాయి. ట్రైలరు టాయిలెట్‌కు ఆ వంపు ఉండదు. గిన్నె అడుగున ఒక మూత, దాని అంచున రబ్బరు సీలు ఉంటాయి. కాలితో పెడల్ నొక్కగానే మూత తెరుచుకుని గిన్నెలో ఉన్నదంతా నేరుగా కిందనున్న ట్యాంకులో పడుతుంది. ఈ ట్యాంకునే బ్లాక్ ట్యాంకు అంటారు, సింకులోనూ స్నానాల దగ్గరా వాడిన నీళ్లు చేరేది గ్రే ట్యాంకు. బ్లాక్ ట్యాంకు చాలా ట్రైలర్లలో 75 నుంచి 150 లీటర్ల వరకు పడుతుంది. దాని నుంచి గాలి పోయే వెంటు గొట్టం ఒకటి పైకప్పు దాకా వెళ్తుంది. కిందివైపు 3 అంగుళాల గొట్టం బయటికి వస్తుంది, దానికి పిడి పట్టి లాగితే తెరుచుకునే గేటు వాల్వు ఉంటుంది.

ఆ ట్యాంకు అడుగు దాదాపు చదునుగా ఉంటుందన్న సంగతి గుర్తుంచుకుంటే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఖాళీ ట్యాంకులో నీళ్లు లేకుండా మలం, కాగితం పడితే అవి పడిన చోటే ఉండిపోయి, ఒకదాని మీద ఒకటి చేరి, సరిగ్గా టాయిలెట్ కింద పుట్టలా పెరుగుతాయి. ఎండి గట్టిపడిన ఆ పుట్టను కరిగించడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు. అందుకే ట్యాంకు ఖాళీ చేసిన ప్రతిసారీ, మళ్లీ వాడడం మొదలుపెట్టే ముందు, కనీసం 10 నుంచి 15 లీటర్ల నీళ్లు టాయిలెట్ గుండా పోసి అడుగంతా తడిసేలా చూడాలి. ట్యాంకులో వేసే మందు ఏదైనా వాడదలచుకుంటే ఆ నీళ్లతోపాటే వేయాలి.

రోజువారీ వాడకంలో పాటించాల్సినవి కొన్నే. మలవిసర్జనకు ముందు గిన్నెలోకి కొంచెం నీళ్లు వదిలి నిలవనివ్వాలి. చాలా టాయిలెట్లలో పెడల్‌ను సగం వరకు నొక్కితే లేదా పైకి ఎత్తితే మూత తెరుచుకోకుండానే నీళ్లు వస్తాయి. పని అయ్యాక పెడల్‌ను పూర్తిగా నొక్కి, గిన్నె శుభ్రపడిన తరువాత కూడా కొన్ని సెకన్లపాటు నీళ్లు పోనివ్వాలి. పక్కన చేతి స్ప్రే ఉంటే ఇంకా మంచిది. కాగితం బదులు నీళ్లతో కడుక్కునేవారికి ట్యాంకు కొంచెం త్వరగా నిండినా, అడ్డంకులు చాలా తక్కువగా వస్తాయి. కాగితం వాడేవారు ఒకే పొర ఉండి త్వరగా కరిగే రకం తీసుకోవాలి. ఏది కరుగుతుందో డబ్బా మీది రాతను బట్టి నిర్ణయించుకోకుండా, మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి ఒక ముక్క వేసి ఊపి చూడండి. అది పీలికలుగా విడిపోతే పనికివస్తుంది, ముద్దగా తేలితే పనికిరాదు. తడి తుడుపు కాగితాలు మాత్రం, వాటి మీద టాయిలెట్‌లో వేయవచ్చని రాసి ఉన్నా సరే, ఎప్పుడూ వేయకండి. శానిటరీ ప్యాడ్లు, దూది, వెంట్రుకలు, మిగిలిన అన్నం కూరలు, నూనె ఇవన్నీ చెత్తబుట్టకే పోవాలి. వచ్చిన అతిథులకు ఈ మాటలు చెప్పడానికి మొహమాటపడవద్దు, వాళ్లు చేసిన పొరపాటును శుభ్రం చేయాల్సింది మీరే.

గేటు వాల్వు విషయంలో చాలామంది తడబడతారు. విడిది స్థలంలో మురుగు గొట్టం ఎల్లప్పుడూ తగిలించుకునే వీలుంటే, వాల్వు తెరిచి ఉంచితే ఖాళీ చేసే పని తప్పుతుంది కదా అనుకుంటారు. అలా తెరిచి ఉంచితే నీళ్లు మాత్రం ఎప్పటికప్పుడు జారిపోయి మలం, కాగితం అడుగున ఉండిపోతాయి, మళ్లీ ఆ పుట్ట కథే మొదలవుతుంది. గ్రే ట్యాంకు వాల్వు సంగతి ఎలా ఉన్నా బ్లాక్ ట్యాంకు వాల్వును ఖాళీ చేసే సమయంలో తప్ప ఎప్పుడూ మూసే ఉంచాలి. ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండాకే తెరవాలి, అప్పుడే ఆ నీటి బరువుకు, వేగానికి ఘనపదార్థం కూడా కొట్టుకుపోతుంది. అంతగా నిండకముందే బయలుదేరాల్సి వస్తే టాయిలెట్ గుండా నీళ్లు పోసి ఆ మట్టానికి తెచ్చి మరీ ఖాళీ చేయాలి. గోడ మీద ట్యాంకు మట్టం చూపించే దీపాలను అంతగా నమ్మకండి. లోపలి సెన్సర్ల మీద కాగితం అంటుకుంటే ఖాళీ ట్యాంకును కూడా నిండినట్టే చూపిస్తాయి. టార్చిలైటు వేసి పెడల్ నొక్కి లోపలికి చూడడమే నమ్మదగిన పద్ధతి.

ఇక నువ్వు భయపడుతున్న ఘట్టానికి వద్దాం. ట్యాంకు ఖాళీ చేయడానికి డంప్ స్టేషన్‌కు, అంటే ట్రైలర్ల మురుగు వదలడానికి ఏర్పాటు చేసిన చోటికి చేరగానే మొదట చేతి తొడుగులు వేసుకోవాలి. గొట్టం మూత తీసే ముందు రెండు వాల్వులూ గట్టిగా మూసి ఉన్నాయో లేదో చూడాలి, ఎందుకంటే వాల్వు కొంచెం కారుతున్నా ఆ మూత వెనుక నిలిచినదంతా తీయగానే కాళ్ల మీద పడుతుంది. మురుగు గొట్టం ఒక కొనను ట్రైలరుకు తిప్పి బిగించి, రెండో కొనను నేలలోని రంధ్రంలో గట్టిగా నిలబెట్టి, అది పైకి లేవకుండా చూసుకోవాలి. ట్రైలరు వైపు పారదర్శకమైన వంపు ముక్క ఒకటి బిగించుకుంటే లోపల ఏం పోతోందో, ఎప్పుడు తేటపడిందో కళ్లారా తెలుస్తుంది. ఆ చిన్న ఖర్చు దగ్గర వెనుకాడవద్దు. ఎప్పుడైనా ముందు బ్లాక్ ట్యాంకునే ఖాళీ చేయాలి. అది ఆగిపోయాక వాల్వు మూసి, తరువాత గ్రే ట్యాంకును వదిలితే ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. వీలుంటే బ్లాక్ ట్యాంకులో మళ్లీ నాలుగైదు బక్కెట్ల నీళ్లు పోసి ఇంకోసారి వదలండి.

కొన్ని ట్రైలర్లలో ట్యాంకు లోపలి గోడలను కడగడానికి బయటి నుంచి నీటి గొట్టం తగిలించే ఏర్పాటు ఉంటుంది. అది చాలా ఉపయోగకరమైనదే గాని, దాన్ని నడిపేటప్పుడు గేటు వాల్వు తెరిచే ఉండాలి. ఎవరైనా వాల్వు మూసి, నీళ్లు వదిలి, పక్కవారితో మాటల్లో పడితే ట్యాంకు నిండి ఆ మురుగు టాయిలెట్ గిన్నెలోంచో పైకప్పు వెంటు నుంచో పొంగుతుంది. ఈ పనికి వాడే నీటి గొట్టం వేరుగా ఉండాలి, దాని రంగు కూడా వేరైతే మంచిది. తాగునీటి గొట్టంతో దీన్ని ఒకే పెట్టెలో పెట్టకండి. డంప్ స్టేషన్ దగ్గర కడగడానికి పెట్టిన కుళాయి నీళ్లు తాగడానికి వాడకూడదు. పని ముగిశాక నేల మీద చుక్క పడినా కడిగి, మూతలు బిగించి, తొడుగులు తీసి చేతులు సబ్బుతో కడుక్కుని, వెనుక వరుసలో ఉన్నవారికి త్వరగా దారి ఇవ్వడం మర్యాద. ఎంత మారుమూల చోటైనా, ఎవరూ చూడకపోయినా, బ్లాక్ ట్యాంకును నేల మీదగాని వాగులోగాని వాన నీటి కాలువలోగాని వదలకూడదు.

దుర్వాసన వస్తోందంటే వెంటనే సువాసన ద్రవాలు కొనడానికి పరుగెత్తకుండా కారణం వెతకండి. మొదటి అనుమానం గిన్నె అడుగున ఉన్న రబ్బరు సీలు మీద. గిన్నెలో నీళ్లు నింపి గంట తరువాత చూస్తే, మట్టం తగ్గిపోయి ఉంటే ఆ సీలు పాడైనట్టే, ఎండినట్టే, లేదా దాని అంచున చెత్త ఇరుక్కున్నట్టే. ముందు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పూయండి, అప్పటికీ నిలవకపోతే సీలు మార్చండి. పెట్రోలియంతో చేసిన గ్రీజులు రబ్బరును ఉబ్బించి చెడగొడతాయి కనుక వాటిని దగ్గరికి రానివ్వకండి. రెండో కారణం చాలామందికి తట్టదు. స్నానాలగది పైకప్పులో ఉన్న ఫ్యాను నడుస్తుండగా పెడల్ నొక్కితే, ఆ ఫ్యాను ట్యాంకులోని గాలిని లోపలికి లాగుతుంది. కాబట్టి నొక్కే ముందు ఫ్యాను ఆపాలి, లేదా కిటికీ తీయాలి. పైకప్పు మీది వెంటులో ఆకులు, పురుగుల గూళ్లు చేరినా వాసన లోపలికే తిరుగుతుంది. చాలాకాలం వాడని సింకు కింది వంపులో నీళ్లు ఆవిరైపోతే వాసన గ్రే ట్యాంకు నుంచి కూడా రావచ్చు, నేరం టాయిలెట్ మీద పడుతుంది గాని.

మందుల విషయంలో నా మొగ్గు ఎన్‌జైములు, మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న రకాల వైపే. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి వాసనను అణచినా, అవి చేరే సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియాను కూడా చంపుతాయి, అందుకే కొన్ని విడిది స్థలాలలో వాటిని అనుమతించరు. బ్లీచింగ్ ద్రవాన్ని మాత్రం ఎన్నడూ పోయకండి. మూత్రంలోని అమోనియాతో కలిస్తే విషవాయువులు పుడతాయి, పైగా రబ్బరు సీళ్లు కూడా పాడవుతాయి. ట్యాంకులో మంచుముక్కలు వేసి బండి నడిపితే గోడలు శుభ్రపడతాయని కొందరు ఎంతో గట్టిగా వాదిస్తారు. నా ఉద్దేశంలో మంచు కంటే, మూడో వంతు నీళ్లు పోసి కొంతదూరం నడిపి ఖాళీ చేయడమే మేలు.

ఒకవేళ పుట్ట కట్టి ట్యాంకు మూసుకుపోయినా కంగారుపడవద్దు. వేడినీళ్లు, మరగకాచినవి కాకుండా చేయి పెట్టగలిగినంత వేడివి, గిన్నె దాకా నిలిచేలా పోసి రాత్రంతా నాననివ్వండి. తరువాత వంగే గొట్టం చివర నీళ్లు చిమ్మే ముక్కు ఉన్న కడ్డీని టాయిలెట్ గుండా దించి కడగండి. ఇనుప తీగలతో పొడిస్తే సీలు, సెన్సర్లు చెడతాయి, ఇంటి కాలువలు శుభ్రం చేసే ఆమ్లాలు పోస్తే ప్లాస్టిక్‌కు నష్టం. ఇక్కడ ఓపిక పడితే చాలావరకు కరిగిపోతుంది.

ట్యాంకు నిండా మురుగుతో దూరప్రయాణం చేయకండి. లీటరు నీళ్లు కిలో బరువు, అంటే నిండిన ట్యాంకుతో ట్రైలరుకు 75 నుంచి 150 కిలోల దాకా చేరుతుంది. ట్యాంకు ఇరుసుకు బాగా వెనుక ఉంటే ట్రైలరు ముందు కొక్కెం మీద బరువు తగ్గి, వేగంలో వెనుక భాగం ఊగడం మొదలవుతుంది.

మీ ట్రైలరులో ఉన్నది క్యాసెట్ టాయిలెట్, అంటే ట్యాంకు బదులు బయటికి లాగి తీసే పెట్టె ఉన్న రకం అయితే పని ఇంకా తేలిక. ఆ పెట్టె 20 లీటర్లకు అటూ ఇటూ పడుతుంది, ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. నిండినట్టు దీపం వెలిగాక సాగదీయకండి. బయటి తలుపు తీసి పెట్టెను లాగే ముందు మూత పలక మూసి ఉందో లేదో చూడండి. పారబోసేటప్పుడు గాలి లోపలికి పోయే మీట నొక్కి ఉంచితే మురుగు ఎగిరిపడకుండా ధారగా పోతుంది. తిరిగి పెట్టేముందు రెండు లీటర్ల నీళ్లు పోయడం ఇక్కడ కూడా తప్పనిసరి.

చలికాలంలో మంచు కురిసే చోట ట్రైలరును నిలిపి ఉంచేవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, గొట్టాలు, వాల్వులు పగలడానికి ఆ ఉబ్బు చాలు. ట్యాంకులు, నీటి గొట్టాలు ఖాళీ చేసి, టాయిలెట్ గుండా ప్రొపైలీన్ గ్లైకాల్ ఉన్న యాంటీఫ్రీజ్ పోయాలి. కార్ల రేడియేటర్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ట్రైలరు నీటి గొట్టాలలోకి రానివ్వకూడదు.

మీది పాత బండి కనుక, మొదటి ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర బ్లాక్ ట్యాంకులో సగానికి పైగా నీళ్లు నింపి ఒక పూట అలాగే ఉంచండి. కింద ఎక్కడైనా తడి కనిపిస్తోందేమో, గేటు వాల్వు పిడి సాఫీగా కదులుతోందేమో, గిన్నె సీలు నీటిని నిలుపుతోందేమో చూసుకోండి. ఆ నీళ్లను డంప్ స్టేషన్‌లో వదిలేటప్పుడు పారదర్శక వంపులోంచి ఏ రంగులో పోతున్నాయో గమనిస్తే, ముందటి యజమాని ట్యాంకును ఎలా ఉంచాడో తెలిసిపోతుంది. మురికిగా వస్తే తేటపడే దాకా నింపి వదలడం కొనసాగించండి. ఈ పని అల్లుడి మీదికి ఒక్కడి మీదికే నెట్టకుండా మీరిద్దరూ నేర్చుకోండి, ఒకరు వాల్వు దగ్గరా ఒకరు గొట్టం కొన దగ్గరా నిలబడితే పావుగంటలో అయిపోతుంది.

ఇట్లు,
మీ మామయ్య