తిరిగొచ్చే సంచి ముందు సర్దు

చి.సౌ. శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే శనివారం మీరంతా కారేసుకుని నెల్లూరు దగ్గర మైపాడు సముద్రం దాకా పోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వేమో "పెద్దమ్మా, ఏం సర్దుకోవాలి, ఎక్కడ తినాలి" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నావు. ఒక్క ముక్కలో అయ్యే జవాబా అది? ముప్పై ఏళ్ళుగా ఆ దోవలో పోయి వస్తున్నదాన్ని. అందుకే ఉత్తరం రాస్తున్నా.

అందరూ పోవడానికి సర్దుకుంటారు, రావడానికి ఎవరూ సర్దుకోరు. పోయేటప్పుడు బట్టలు ఇస్త్రీ మీదుంటాయి, కడుపులు నిండి ఉంటాయి. ఏ సంచి ఎక్కడున్నా ఎవరికీ పట్టదు. కష్టమంతా వచ్చేటప్పుడే.

మాకు మారుతీ వ్యాన్ ఉన్న రోజుల్లో ఒకసారి పిల్లలు పొద్దుగుంకేదాకా అలల్లోంచి బయటికి రాలేదు. ఇంటికి పోయి మార్చుకుందాంలే అని తడిబట్టలతోనే ఎక్కించేశాం. నాయుడుపేట దగ్గరికి వచ్చేసరికి చిన్నోడికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పొడిబట్టల సంచి చూస్తే డిక్కీలో అన్నిటికంటే అడుగున ఉంది. ఒక టీ కొట్టు ముందు ఆపి, వాళ్ళ బల్బు వెలుతురులో చాప, బకెట్టు, కిరసనాయిలు స్టవ్వు, రెండు దిండ్లు ఒక్కొక్కటే తీసి రోడ్డు పక్కన పెడుతున్నాను. టీ తాగుతున్న ఒకాయన లేచొచ్చి "దిండు ఎంతకిస్తావమ్మా?" అని అడిగాడు. మీ పెదనాన్న పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

కాబట్టి తిరిగొచ్చే సంచి ముందు సర్దు. అది డిక్కీలో వద్దు, వెనక సీటు కింద పెట్టుకో. మనిషికొక జత పొడిబట్టలు, పాత నూలు తువ్వాళ్ళు, తడిబట్టలు వేయడానికి రెండు బియ్యం సంచులు, సీటు మీద పరవడానికి ఒక పాత దుప్పటి ఉంటే చాలు. టర్కీ టవళ్ళు వద్దు. ఇసకనంతా పట్టుకుంటాయి, ఒక పట్టాన ఆరవు. జీన్స్ ప్యాంట్ల సంగతీ అంతే, అల్లుడికి గట్టిగా చెప్పు. ఒక డబ్బా టాల్కం పౌడర్ కూడా పెట్టు. ముఖానికి కాదు. కాళ్ళకి అంటుకున్న ఇసక మీద చల్లి పొడిగుడ్డతో తుడిస్తే జలజలా రాలిపోతుంది. ఇంటి నుంచే ఒక క్యాన్ నీళ్ళు, ఒక మగ్గు తీసుకుపోండి. ఉప్పునీళ్ళు ఒంటి మీదే ఆరితే పిల్లలు దారంతా గోక్కుంటూ ఉంటారు.

పాపకి పట్టీలు, కమ్మలు ఇంట్లోనే తీసెయ్యి. కారు తాళం నీళ్ళలోకి దిగే వాళ్ళ జేబులో ఉండకూడదు. ఇప్పటి తాళాల్లో బ్యాటరీ ఉంటుంది, ఒక్క అల తగిలితే చాలు. మీ అత్తగారు ఎలాగూ నీళ్ళలో దిగనంటారు కదా. తాళం, ఫోన్లు, పర్సులు అన్నీ ఆమె ఒళ్ళో పెట్టు. పెద్దావిడకి ఉత్తినే కూర్చున్నట్టూ ఉండదు.

ఇక తిండి. మీ అత్తగారింట్లో శనివారం నీచు ముట్టరని నాకు తెలుసు. వెంకటేశ్వరస్వామికి మొక్కే పెరటాసి నెలలోనే కాదు, ఏడాది పొడుగునా. ఈ సంగతి మర్చిపోయి శనివారం మధ్యాహ్నం నెల్లూరులో చేపల హోటల్ ముందు కారు ఆపావనుకో, అత్తాకోడళ్ళ మధ్య మైపాడు దాకా మాటలుండవు. అందుకని శనివారం మధ్యాహ్నం ఇంటి తిండి, ఆదివారం మధ్యాహ్నం బయట చేప. ఈ లెక్క మీదే మిగతాదంతా నడపండి.

శనివారానికి పులిహోర, పెరుగన్నం చాలు. పులిహోరకి పులుసు ముందురోజు రాత్రే చెనిగ నూనెలో నూనె పైకి తేలేదాకా మగ్గనీ. పొద్దున వేడన్నం పళ్ళెంలో పరిచి, చల్లారాక కలుపు. వేడి మీద మూత పెడితే మూతకి పట్టిన చెమట మళ్ళీ అన్నంలోకే దిగి పాడుచేస్తుంది. పెరుగన్నంలో అందరూ చేసే తప్పు పెరుగు ఎక్కువ వేయడం. కారు వేడికి పదకొండుకల్లా పులిసిపోతుంది. అన్నం మెత్తగా వండి మెదుపు. కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, పెరుగు ఒక్క గరిటె మాత్రం వెయ్యి. పొద్దున చూస్తే పాయసంలా జారుగా ఉందని కంగారుపడొద్దు. మధ్యాహ్నం మూత తీసేసరికి గట్టిగా, కమ్మగా తోడుకుని ఉంటుంది. ఉల్లిపాయ కలపొద్దు. నంజుకోవడానికి ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు. దారిలో నోరాడించడానికి నిప్పట్లు, వేయించిన చెనక్కాయలు, బొరుగులు. చిప్స్ ప్యాకెట్లు వద్దని నేననను. అన్నా పిల్లలు వినరు.

తెల్లవారుజామునే బయల్దేరి శ్రీకాళహస్తి మీదుగా సూళ్ళూరుపేటకి పోండి. తిరుపతి వాళ్ళకి సముద్రమేంటని ఒకప్పుడు నవ్వేవాళ్ళు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పులికాట్ సరస్సు చాలావరకు మన జిల్లాలోకే వచ్చింది. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు నీళ్ళ మధ్యలోంచే పోతుంది. ఈ చలికాలంలో ఫ్లెమింగోలు దూరంగా లేతగులాబీ గీత గీసినట్టు నిలబడి ఉంటాయి. బైనాక్యులర్ ఉంటే పట్టుకుపోండి, లేకుంటే పిల్లలు "ఎక్కడ, ఎక్కడ" అని ప్రాణం తీస్తారు. రాకెట్ కేంద్రం గేటు దాటి పోనివ్వరు, అంతవరకే. ఆ రోడ్డు మీద హోటళ్ళ కోసం చూడొద్దు. టిఫిను, బాత్రూమ్ పనులు సూళ్ళూరుపేటలోనే కానిచ్చుకోండి.

అక్కడి నుంచి హైవే ఎక్కి నెల్లూరు. పెరుగన్నం దారిలో నీడ చూసుకుని తినండి. రాత్రి నెల్లూరులో పడుకుని, ఆదివారం తెల్లారేసరికి మైపాడులో ఉండాలి. ఊరి నుంచి 25 కిలోమీటర్లుంటుంది, అంతే. ఎండ ఎక్కకముందే నీళ్ళలో ఆడించి, తొమ్మిదిన్నరకల్లా బయటికి లాగు. మోకాలి లోతు దాటి ఎవరినీ పోనివ్వొద్దు. ఈత వచ్చిన అల్లుడిని కూడా. కారు మెత్తటి ఇసకలోకి దించకండి, గట్టినేల మీదే ఆపి నడవండి.

మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా నెల్లూరులో భోజనానికి కూర్చోండి. ఆదివారం ఒంటిగంట దాటితే పులుసులో ముక్కలు అయిపోయి చారు మిగులుతుంది. ఇంకో విషయం, వేపుడుకి చేప ఎంత తాజాగా ఉంటే అంత మంచిది. పులుసు మాత్రం దించగానే తినేది కాదు. పులుపు, కారం ముక్కకి పట్టడానికి కొన్ని గంటలు నిలవాలి. ఇంట్లోనైతే మర్నాడే దానికి అసలు రుచి. అందుకే సర్వర్‌ని "పులుసు పొద్దున వండారా, ఇప్పుడు దించారా" అని అడుగు. పొద్దున వండాం అంటే సంతోషంగా తెప్పించుకో. ఏ చేప అని కూడా అడుగు. నెల్లూరు పులుసుకి పేరు తెచ్చిన కొర్రమీను చెరువు చేప, సముద్రానిది కాదు. సముద్రం చేప కావాలంటే వంజరమో చందువో వేపుడు తీసుకోండి. నెత్తళ్ళ వేపుడు దొరికితే వదలొద్దు. ఎండ్రకాయలు మాత్రం పిల్లలతో పోయినప్పుడు వద్దు. నువ్వు వలిచి పెట్టేసరికి నీ అన్నం ఆరిపోతుంది.

రేటు ముందే అడగడానికి మొహమాటపడొద్దు. ఒకచోట అద్దాల పెట్టెలో ఐసు మీద పెట్టిన చేపని చూపించి, ఇది వేయించు అన్నాం. వాళ్ళు చెప్పిన రేటు చేప మొత్తానికని మేమనుకున్నాం. బిల్లు వచ్చాక తెలిసింది, అది వంద గ్రాములకట! మీ పెదనాన్న ఆ చేప ముల్లు కూడా వదల్లేదు, డబ్బులు పెట్టాం కదా అని. కన్ను ఉబ్బి నిగనిగలాడుతూ, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉందా అని చూసి, తూకం వేయించి, లెక్క కట్టించాకే సరేనను. అత్తగారికి ఆదివారం కూడా కూరగాయల భోజనమే కావాలంటే, రెండూ వండే హోటల్ చూసుకో. ఆమెని పెరుగుతో సరిపెట్టుకోమనొద్దు.

ఎండాకాలం సెలవుల్లో పోదామా అని కూడా అడిగావట. వద్దు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. చిన్న పడవల వాళ్ళు తెచ్చేది కొద్దిగా ఉంటుంది, రేటు మండిపోతుంది. పైగా ఆ ఎండలో ఇసక మీద కాలు పెట్టలేం. ఇప్పుడే పోండి.

మూడింటికల్లా నెల్లూరులో కదిలితే చీకటి పడే వేళకి కాళహస్తి దాటేస్తారు. ఇంటికి రాగానే, ఎంత అలసటైనా, ఆ బియ్యం సంచులు విప్పి ఉప్పుబట్టలు మంచినీళ్ళలో నానెయ్యమను. మర్నాడు కారు అడుగు భాగం కూడా నీళ్ళు కొట్టించమను, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

వచ్చేటప్పుడు నాకు పావుకిలో ఎండు నెత్తళ్ళు తీసుకురా. పేపర్లో చుట్టి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టు, లేకపోతే వారం రోజులు కారులో ఎక్కలేరు. డబ్బా నీ దగ్గర లేకుంటే శుక్రవారం ఇంటికొచ్చి నాది తీసుకుపో. పోయినసారి తీసుకెళ్ళిన క్యారియర్ మూత ఇంకా మీ ఇంట్లోనే ఉంది, అదీ తెచ్చివ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
తిరుపతి