డాక్టర్ సలహా: డైపర్ పొరల సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబ్ తీసి చదవండి

ప్రశ్న: మా బాబుకి 8 నెలలు. డైపర్ వేసిన చోట ఎర్రగా కందిపోతోంది. డైపర్ పైపొర ప్లాస్టిక్ కదా అని, ఒంటికి మెత్తగా ఉంటుందని, లోపల పాత నూలు చీర ముక్క మడతపెట్టి వేస్తున్నాను. అయినా తగ్గలేదు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. నెలన్నరగా ఇదే వరస. మిగతా అంతా బాగానే ఉన్నాడు, ఈమధ్య బుగ్గలు కూడా బాగా వచ్చాయని మా అత్తగారు రోజూ దిష్టి తీస్తున్నారు. డైపర్‌లో ఏ పొర దేనితో చేస్తే చర్మానికి మంచిది? లోపలి జెల్ ప్రమాదమా? పూర్తిగా కాటన్‌కి మారమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగింది డైపర్ పొరల గురించి. దానికి జవాబు చెప్తాను. కానీ మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి ‘నెలన్నరగా ట్యూబ్’, రెండోది ‘బుగ్గలు బాగా వచ్చాయి’. ఈ రెండూ ఒకే బిడ్డ గురించి విన్నాక చర్మం డాక్టర్‌గా నేను ముందు డైపర్ గురించి మాట్లాడలేను.

ట్యూబ్ పేరు మీరు రాయలేదు. మందుల షాపులో ‘పిల్లాడికి ఒరిసిపోయింది’ అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది మూడు మందులు కలిపిన క్రీమ్. అందులో ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితో పాటు ఒక స్టిరాయిడ్ ఉంటాయి. ట్యూబ్ తీసి వెనక ఉన్న సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టిరాయిడే. మీరు చెప్పిన వరస కూడా అలాగే ఉంది. స్టిరాయిడ్ ఎరుపుని వెంటనే అణిచేస్తుంది. ఆ ఎరుపు తెచ్చిన తడి, ఫంగస్ మాత్రం నివురుగప్పిన నిప్పులా కిందే ఉంటాయి. క్రీమ్ ఆపగానే పైకి వస్తాయి. అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అని మీరు అనొచ్చు. రెండు రోజులు రాసి మానేస్తే ఫంగస్ పోదు, పైగా స్టిరాయిడ్ దానికి కలిసొస్తుంది.

అదే క్రీమ్ పెద్దవాళ్ల చేతి మీద రాయడం వేరు, ఎనిమిది నెలల బిడ్డకి డైపర్ కింద రాయడం వేరు. పసిపిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం చాలా ఎక్కువ. తొడ సందుల్లో చర్మం పలచన. పైన డైపర్ వేస్తే మూత పెట్టినట్టే, మందు ఇంకా ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. ఒరిసి చర్మం పైపొర లేచిపోయి ఉంటే మరీను. అలా వారాల తరబడి ఒంట్లోకి వెళ్లిన స్టిరాయిడ్ వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బవచ్చు, బరువు పెరుగుతూ పొడవు పెరగడం మందగించవచ్చు, బీపీ పెరగవచ్చు. మీ బాబు బుగ్గలు అలా వచ్చినవే అని నేను అనడం లేదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకీ బుగ్గలు వస్తాయి. చూడకుండా ఇక్కడినుంచి తేల్చగలిగేది కాదు. కానీ చూపించకుండా వదిలేయదగింది కూడా కాదు. అత్తగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, పిల్లాడిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం మీరు చేయండి.

ఇక్కడొక జాగ్రత్త. ఇది చదివి ట్యూబ్ పారేసి ఊరుకోకండి. మన ఒంట్లో కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు శరీరానికి కావలసిన స్టిరాయిడ్‌ని రోజూ తయారు చేస్తాయి. బయటినుంచి చాలాకాలం వస్తుంటే అవి తమ పని తగ్గించుకుంటాయి. బయటి మందు ఒక్కసారిగా ఆగిన రోజుల్లో జ్వరమో విరేచనాలో వస్తే బిడ్డ తట్టుకోలేకపోవచ్చు. అందుకని ఎలా ఆపాలో పిల్లల డాక్టర్ నిర్ణయించాలి. రేపు, మహా అయితే ఎల్లుండి తీసుకెళ్లండి. ఈలోగా కొత్త ట్యూబ్ కొనకండి. వాడిన ట్యూబ్, టీకాల కార్డు, పుట్టినప్పటినుంచి రాసిన బరువు, పొడవు లెక్కలు వెంట పెట్టుకోండి. ఎన్ని రోజులు, రోజుకి ఎన్నిసార్లు రాశారో దాచకుండా చెప్పండి. తొమ్మిదో నెల నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ప్రాణమున్నా బలహీనపరిచిన క్రిములతో చేసింది, ఒంట్లోకి వెళ్లిన స్టిరాయిడ్ రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించవచ్చు, కాబట్టి ఆ టీకా ముందు కూడా ఈ మాట చెప్పాలి. ఈలోపే బాబు మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా, వాంతులు, జ్వరం ఉన్నా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

మిమ్మల్ని కోప్పడాలని కాదు. ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది. ట్యూబ్ మీద ఎర్ర గీత ఉండేది అందుకే. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. నా ఓపీకి పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రుల్లో ఎంతోమంది ‘ఉత్త క్రీమే కదండీ, మాత్ర కాదుగా’ అంటారు. పసిబిడ్డ విషయంలో ఆ తేడా చాలా చిన్నది. మూడు రోజుల్లో తగ్గని ఒరుపుని నెలన్నర ఇంట్లో ఉంచుకోవడం నాకు బాధ కలిగించింది. మూడో రోజునే చూపించి ఉంటే బహుశా పది, పదిహేను రోజుల మందుతో పోయేది.

ఇక మీ ప్రశ్న. డైపర్‌ని ఒక గుడ్డలా కాక, ఒకదాని కింద ఒకటి వేర్వేరు పనులు చేసే నాలుగు పొరలుగా చూడండి. ఒంటికి తగిలే పైపొర సాధారణంగా పాలీప్రొపిలీన్ పోగులతో, నేయకుండా అతికించి చేసిన పలుచని పొర. మీరు ప్లాస్టిక్ అన్నది దీన్నే, ఆ మాట నిజమే. కానీ ఆ పోగులు నీళ్లు పీల్చవు. మూత్రం వాటి సందుల్లోంచి కిందికి దిగిపోతుంది, పొర మాత్రం త్వరగా పొడిబారుతుంది. దాని కింద పొర, ఒక్కచోట పడిన తడిని గబగబా లాగి అటూ ఇటూ పరుస్తుంది. ఆ కిందే అసలు పొట్ట. చెక్క గుజ్జు పీచు, అందులో మీరు భయపడిన జెల్ గింజలు, అంటే సోడియం పాలీఆక్రిలేట్, అక్కడ ఉంటాయి. గింజ తన బరువుకి వందల రెట్లు మంచినీళ్లు తాగగలదు. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ సుమారు ముప్పై రెట్లకే ఆగుతుంది. అదైనా చాలా ఎక్కువే. ముఖ్యమేమంటే బిడ్డ కూర్చుని నొక్కినా తాగిన తడిని సులువుగా వదలదు. అన్నిటికన్నా అడుగున తడి బయటికి రాకుండా ఆపే పొర ఉంటుంది. మంచి డైపర్లలో ఈ పొరకి కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. సున్నపురాయి పొడి కలిపిన పలుచని ప్లాస్టిక్‌ని సాగదీస్తే ఏర్పడతాయవి. నీటి బొట్టు దాటలేదు, ఆవిరి దాటుతుంది. మన ఎండల్లో నేను అన్నిటికన్నా ముందు చూడమనేది ఈ అడుగు పొరనే. లోపల ఉక్క తగ్గితే ఫంగస్ బతుకూ కష్టమే.

ఇప్పుడు మీ చీర ముక్క సంగతి. మీరు ప్రేమతోనే వేశారు, కానీ అది ఈ ఏర్పాటునంతా చెడగొట్టింది. నూలు మెత్తగా ఉంటుంది, నిజమే, అయితే తడిని తనలోనే పట్టుకుంటుంది. బాబు ఒంటికి అంటుకుని గంటల తరబడి తడిగుడ్డ ఉన్నట్టయింది, కింద జెల్ ఖాళీగా ఉండిపోయింది. నానిన చర్మం కొంచెం రాపిడికే లేచిపోతుంది. దానికి దొడ్డి తోడైతే ఇంకా చేటు. అందులోని ఎంజైములు మూత్రంలోని యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, అమ్మోనియా దాన్ని పోగొడుతుంది. అప్పుడు దొడ్డిలోని మిగతా ఎంజైములు ఇంకా చురుగ్గా చర్మాన్ని కొరుకుతాయి. ఎంత మంచి పొరలున్నా దొడ్డికి వెళ్లిన వెంటనే మార్చకపోతే లాభం లేదనేది ఇందుకే.

జెల్ గురించి భయం వద్దు. ఆ గింజల అణువులు చాలా పెద్దవి, చర్మంలోంచి లోపలికి పోవు. డైపర్ చిరిగి ముద్దలు ఒంటికి అంటితే తడిగుడ్డతో తుడిచేయండి. నోట్లో మాత్రం పెట్టుకోనివ్వకండి. కాటన్ పైపొర అని అమ్మే డైపర్లు చెడ్డవి కావు, పైపొర పలుచగా ఉండి కింది పొర త్వరగా లాగేస్తే సరిపోతుంది. పేరులో ఏముందో కాక ఇలా చూడండి: కొత్త డైపర్ మీద అరగ్లాసు నీళ్లు పోసి, రెండు నిమిషాలాగి, పొడి కాగితం పెట్టి అరచేత్తో నొక్కండి. కాగితం ఎంత తడిస్తే ఆ డైపర్ మీ బాబు ఒంటికి అంత తడి తిరిగి ఇస్తోందన్నమాట. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, రెండు రకాల్ని పోల్చుకోవడానికి పనికొస్తుంది. సువాసన వేసినవి వద్దు. మన దేశంలో బిడ్డల డైపర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, ఐఎస్ 17509. ప్యాకెట్ మీద ఆ నంబరు ఉందేమో చూడండి.

గుడ్డ లంగోటాలకి మారాలంటే మారండి, కానీ తడిసిన ప్రతిసారీ మార్చే ఓపిక ఉండాలి. డైపరైతే పగలు మూడు నాలుగు గంటలకి ఒకసారి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా పూయండి. అందులో స్టిరాయిడ్ లేదని చదివి తీసుకోండి. ప్రతిసారీ దాన్ని గీకి తీయక్కర్లేదు, మురికైనంత మేర తుడిస్తే చాలు. అక్కడ సున్నిపిండి, పసుపు, పౌడర్ వద్దు. బోరిక్ పౌడర్ అసలే వద్దు, ఒరిసిన చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లి విషమవుతుంది.

డాక్టర్‌కి చెప్పడానికి ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. ఎరుపు పిర్రల మీద, తొడల మీద ఉండి మడతల్లో లేకపోతే అది ఎక్కువగా తడి వల్ల వచ్చింది. మడతల్లోకి దిగి, అంచు బయట చిన్న చిన్న ఎర్ర పొక్కులు ఉంటే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. నడుం పక్కల, డైపర్ ఎలాస్టిక్ బిగిసేచోట మాత్రమే ఉంటే రబ్బరు పదార్థాల అలర్జీ కావచ్చు. నోటి చుట్టూ కూడా పుండులా ఉండి విరేచనాలుంటే జింక్ లోపం పరీక్ష అవసరం పడుతుంది. ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టర్ చూసే రోజుకి ఎరుపు తగ్గి ఉంటే అదే సాక్ష్యం.

రోజుకి రెండు మూడుసార్లు పావుగంట చొప్పున డైపర్ లేకుండా బాబుని గాలికి వదలండి. ఆ చీర ముక్క అప్పుడు కింద పరవండి, దానికి అదే సరైన చోటు.