ట్రాన్స్‌ఫర్ ఛాన్స్ ఎంత అని అడిగిన చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

బర్క్‌లీలో సీటు రాలేదని, డి ఆంజా అనే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె చాలా దిగులుగా ఉంది. నువ్వు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న మెసేజ్ పెట్టావు: "రెండేళ్ల తర్వాత బర్క్‌లీ గానీ యూసీఎల్‌ఏ గానీ, ఇంజినీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యే ఛాన్స్ ఎంత పెద్దమ్మా?" అని. చాలా ఏళ్లు కమ్యూనిటీ కాలేజీలో కాలిక్యులస్ చెప్పాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

యూసీఎల్‌ఏకి హైస్కూల్ నుంచి అప్లై చేసేవాళ్లలో పదిమందికి ఒకరికి కూడా సీటు రావడం లేదు. ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేసేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి వస్తోంది. బర్క్‌లీలోనూ ట్రాన్స్‌ఫర్ లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇది విని మీ నాన్న ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ అంకెలో చరిత్ర, సోషియాలజీ చదివేవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ వైపు వచ్చేసరికి ఛాన్స్ బాగా పడిపోతుంది. అక్కడ సీటు వచ్చినవాళ్ల జీపీఏ ఎక్కువగా నాలుగుకి 3.9 చుట్టూ, ఆపైనే ఉంటుంది. యూసీ, అంటే బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి క్యాంపస్‌లన్నీ కలిసిన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లే, ఏటా ఏ క్యాంపస్‌లో ఏ మేజర్‌కి (ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టుకి) ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి ఇచ్చారు, వాళ్ల జీపీఏ ఎంత అని పట్టిక పెడతారు. ఊళ్లోవాళ్లు చెప్పే కబుర్లు వినకుండా నువ్వు కూర్చుని ఆ పట్టిక చదువు. మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఇక అసలు మాట. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల పిల్లలకి యూసీలు మొదటి ప్రాధాన్యం ఇస్తాయి. యూసీల్లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లలో నూటికి తొంభైమంది పైగా వీళ్లే. ఆ తలుపు తెరిచే ఉంది. కానీ ఇంజినీరింగ్‌లో ఆ తలుపు దాకా కూడా చేరకుండా ఆగిపోయేవాళ్లు చాలామంది. వాళ్లకి తెలివి తక్కువై కాదు, కోర్సుల వరస తప్పడం వల్ల.

లెక్క వేసి చూడు. డి ఆంజాలో సమ్మర్ కాకుండా ఏడాదికి మూడు క్వార్టర్లు. కాలిక్యులస్ నాలుగు క్వార్టర్ల వరస. ఆ తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. మొదటి కాలిక్యులస్ అయితే గానీ ఇంజినీరింగ్ వాళ్ల ఫిజిక్స్ మొదలుపెట్టనివ్వరు. ఆ ఫిజిక్స్ కూడా ఒకదాని తర్వాత ఒకటి తీసుకోవాల్సిందే. పక్కన కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, రెండు ఇంగ్లిష్ రచన కోర్సులు. ఇవన్నీ రెండో ఏడాది స్ప్రింగ్ చివరికి అయిపోవాలి. మొదటి క్వార్టర్‌లో కాలిక్యులస్ తీసుకోకుండా "ముందు ఈజీగా మొదలుపెడదాం" అనుకున్నావంటే, ఆ ఒక్క క్వార్టర్ వెనకబాటు చివరి దాకా నీ వెంటే వస్తుంది. హైస్కూల్‌లో రాసిన ఏపీ (కాలేజీ స్థాయి) పరీక్షల్లో నీకు కాలిక్యులస్‌లో మంచి స్కోరు ఉంది కదా, దాన్ని నువ్వు వెళ్లాలనుకున్న క్యాంపస్ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కుని, కుదిరితే పై కోర్సు నుంచి మొదలుపెట్టు.

ఏ కోర్సు ఎక్కడ ఏ కోర్సుకి సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలకీ, యూసీ, సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లకీ కలిపి ఉన్న అధికారిక పట్టిక అది. ఒక్క క్యాంపస్‌ది చూసి ఊరుకోకు. బర్క్‌లీ అడిగింది డేవిస్ అడగకపోవచ్చు, శాన్ డియాగో ఇంకొకటి అడగొచ్చు. నువ్వు అప్లై చేయబోయే అన్నింటివీ ప్రింట్ తీసి అన్నిట్లోనూ ఉన్నవాటికి గుర్తు పెట్టుకో. ముందు అవి పూర్తవ్వాలి. ఫిజిక్స్ సీట్లు తొందరగా నిండిపోతాయి కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజునే పేరు ఎక్కించు. అక్కడ సీటు లేదని ఒక వరసలోని సగం కోర్సులు ఒక కాలేజీలో, సగం ఇంకో కాలేజీలో చేస్తే మాత్రం కొన్ని క్యాంపస్‌లు ఒప్పుకోవు. అలా చేసేముందు అసిస్ట్‌లో మళ్లీ చూసుకో.

కౌన్సిలర్ దగ్గరకి తప్పకుండా వెళ్లు. కానీ ఖాళీ చేతులతో వెళ్లకు. వాళ్లు అన్ని మేజర్ల పిల్లల్నీ చూడాలి కాబట్టి అందరికీ చెప్పే సలహా నీకూ చెబుతారు: ముందు జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ మేజర్ వాళ్లైనా చదవాల్సిన కోర్సులు, పూర్తి చెయ్యి అని. ఆ కోర్సుల జాబితాని ఇదివరకు ఐగెట్‌సీ అనేవారు, 2025 ఫాల్ నుంచి కాల్‌గెట్‌సీ వచ్చింది. ఆర్ట్స్ పిల్లలకి అది మంచి దారే. ఇంజినీరింగ్‌కి మేజర్ కోర్సులే ముందు చూస్తారు. నా క్లాసులో ఒకమ్మాయి ఉండేది, చాలా చురుకైన పిల్ల. ఆర్ట్ హిస్టరీ, సైకాలజీ అన్నిట్లోనూ ఏ గ్రేడ్లే. అప్లై చేసే వేళకి ఫిజిక్స్ వరసలో ఒక్క కోర్సే అయింది. ఇంకో ఏడాది ఉండాల్సి వచ్చింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

"రెండేళ్లు టైమ్ ఉంది" అనుకోకు. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ అక్టోబర్, నవంబర్ నెలల్లో పంపాలి. అంటే నువ్వు రెండో ఏడాదిలో అడుగు పెట్టగానే. ఆ వేళకి వాళ్లకి కనబడేవి మొదటి ఏడాది గ్రేడ్లు, సమ్మర్‌వీ. ఫాల్ గ్రేడ్లు జనవరిలో అప్‌డేట్ చేస్తావు. కాబట్టి నీ గురించి వాళ్లకి ఏర్పడే అభిప్రాయం చాలావరకు ఈ వచ్చే సెప్టెంబర్ నుంచి జూన్ మధ్యలోనే తయారవుతుంది. ఇక్కడ మన ఈసెట్ లాగా ఒక్క పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకునే పని లేదు. ఎంట్రెన్స్ లేదు, శాట్ చూడరు. డిప్లొమా చదివి ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాళ్లు మీ అమ్మకి తెలుసు. పరీక్ష లేకపోయినా, మధ్యలో చేరడంలో ఇదీ అలాంటి దారేనని ఆమెకి చెప్పు, కాస్త కుదుటపడుతుంది.

గ్రేడ్ల గురించి ఒక నియమం బాగా గుర్తుపెట్టుకో. సీ వచ్చిన కోర్సుని మళ్లీ చదివినా యూసీ లెక్కలో మార్పు ఉండదు. డీ గానీ ఎఫ్ గానీ వస్తేనే మళ్లీ చేసిన గ్రేడు లెక్కకి వస్తుంది. క్వార్టర్ పన్నెండు వారాలే. మూడో వారానికి అర్థం కావడం లేదంటే నాలుగో వారం దాకా ఆగకు, మాస్టారు ఆఫీస్ అవర్స్‌లో ఉన్నప్పుడు వెళ్లి కూర్చో. నా దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండో కాలిక్యులస్‌లో సిరీస్ దగ్గర తడబడినవాళ్లే. ముందుగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ గట్టెక్కారు.

ఇక ఎక్కడెక్కడ అప్లై చెయ్యాలి? ఆరు యూసీలు, అంటే డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ట్యాగ్ అని ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఇస్తాయి. సెప్టెంబర్‌లో పంపాలి, ఒక్క క్యాంపస్‌కే. ఇంజినీరింగ్ బ్రాంచీలన్నిటికీ ఆ గ్యారంటీ ఉండదు, నీ బ్రాంచికి ఉందో లేదో ఆ ఏడాది నిబంధనల్లో చూడాలి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగోలకి ట్యాగ్ లేనే లేదు. కమ్యూనిటీ కాలేజీ ఆనర్స్ ప్రోగ్రామ్ పిల్లలకి యూసీఎల్‌ఏ ఇచ్చే ప్రాధాన్యం గురించి ఎవరైనా చెబితే, అది లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీకే గానీ ఇంజినీరింగ్‌కి కాదు. సీఎస్‌యూల్లో శాన్ హోసే స్టేట్, కాల్ పాలీ శాన్ లూయిస్ ఒబిస్పో రెండూ నీ లిస్టులో ఉండాలి. శాన్ హోసే స్టేట్ అంటే మన వాళ్లలో కొందరికి చిన్నచూపు. అది అన్యాయం. సిలికాన్ వ్యాలీ మధ్యలో ఉన్న కాలేజీ, అక్కడ చదివిన ఇంజినీర్లు చుట్టుపక్కల కంపెనీలన్నిట్లోనూ ఉన్నారు.

సివిల్‌కి పోటీ తక్కువ కదా, అందులో చేరి తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారదాం అనే ఆలోచన వద్దు. చేరాక అలా మారడం చాలా కష్టం, ట్రాన్స్‌ఫర్ పిల్లలకి మరీను. నీకు సర్క్యూట్లు ఇష్టమైతే ఎలక్ట్రికల్‌కే అప్లై చెయ్యి. యూసీ అప్లికేషన్‌లో నాలుగు చిన్న వ్యాసాలు అడుగుతారు, ఒక్కోటి 350 మాటలు మించకూడదు. మేజర్‌కి నువ్వు ఎలా సిద్ధమయ్యావన్నది తప్పనిసరి. గ్యారేజీలో నువ్వు పాత రేడియోలు విప్పి బాగుచేసే సంగతి అందులో రాయి.

డబ్బు సంగతి మీ నాన్నకి చెప్పు: ఈ రాష్ట్రంవాళ్లకి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు, డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీలో యూనిట్‌కి 31. యూసీలో ట్యూషనే ఏడాదికి 14 వేల పైన. మొదటి రెండేళ్ల తేడా ఎంతో ఆయనే లెక్క వేసుకుంటారు.

అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది వీసా. నువ్వు ఇంకా హెచ్4 మీదే, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ వీసా మీదే ఉన్నావు. 21 నిండితే ఆ వీసా ఉండదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, దానితో ఫీజుల లెక్క కూడా మారిపోవచ్చు. నీకు 21 నిండేది ట్రాన్స్‌ఫర్ అయ్యాక మొదటి ఏడాదిలోనే. కాబట్టి ఈ సమ్మర్‌లోనే మీ నాన్నని లాయర్‌తో మాట్లాడమను, రాష్ట్రంవాళ్ల ఫీజు ఎవరికి వర్తిస్తుందో తేల్చే కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో కూడా అడగండి.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రా. అసిస్ట్ ప్రింట్లు, నీ ఏపీ స్కోర్లు, ఫాల్ క్లాసుల షెడ్యూల్ పట్టుకురా. భోజనం చేసి ఆరు క్వార్టర్లకీ కోర్సులు కాగితం మీద వేసేద్దాం.

పెద్దమ్మ